దీపం ఉండగానే కారు నింపుకోండి

మన సంఘం కుటుంబాల్లో కరెంటు కారు మాట వస్తే చాలు, ఇంట్లో పెద్దవారు వేసే మొదటి ప్రశ్న ఒక్కటే: “కరెంటు పోతే ఏం చేస్తారర్రా?” కుర్రవాళ్ళు నవ్వేసి ఊరుకుంటారు. నిజానికి అది నవ్వవలసిన ప్రశ్న కాదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు బరంపురంలో రోజుల తరబడి దీపం వెలగలేదు. 2016 డిసెంబరు 12న వార్దా తుఫాను చెన్నైలో చెట్లను కూకటివేళ్ళతో పెకలించి తీగల మీద పడేసింది. 2019 మే 3న ఫణి పూరీ దగ్గర తీరం దాటాక భువనేశ్వర్‌లో కొన్ని పేటలకు వారం దాటినా కరెంటు రాలేదు. ఏ తుఫానూ లేకుండానే 2020 అక్టోబరు 12 ఉదయం ముంబయిలో కరెంటు పోయి లోకల్ రైళ్ళు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఇన్ని చూసినవారు ఆ ప్రశ్న అడగడం న్యాయమే. ఈ సంచికలో దానికే తీరిగ్గా జవాబు చెప్పుకుందాం.

ముందు చిన్న లెక్క

కరెంటు కారు మనకు మరీ కొత్త వింతేమీ కాదు. 2001లోనే బెంగళూరులో రేవా అనే బుల్లి కారు రోడ్డెక్కింది. ఇన్వర్టర్లలో వాడే జాతి సీసం బ్యాటరీలే దానికీ ఉండేవి. రాత్రి ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్గుకు తగిలిస్తే తెల్లవారేసరికి సిద్ధమయ్యేది. ఇప్పటి కార్లలో లిథియం బ్యాటరీలు వచ్చాయి గాని, రాత్రి తగిలించి పొద్దున తీసే పద్ధతి మాత్రం అదే.

కారు బ్యాటరీని కూడా మన కరెంటు బిల్లులో కనిపించే యూనిట్లలోనే కొలుస్తారు. 2020 జనవరిలో వచ్చిన టాటా నెక్సాన్ కరెంటు కారులో 30.2 యూనిట్లు పట్టే బ్యాటరీ ఉండేది. ఊళ్ళో తిరిగే మామూలు కారు ఒక్కో యూనిట్‌కు 6, 7 కిలోమీటర్లు నడుస్తుంది. ఏసీ, ఏనుగంత సామాను, ఎత్తు రోడ్లు ఉంటే కొంచెం తగ్గుతుంది. ఇంట్లో గీజరుకు వాడే పెద్ద ప్లగ్గు నుంచి గంటకు రెండున్నర, మూడు యూనిట్లు ఎక్కుతాయి. అంటే గంటసేపు తగిలిస్తే 15 నుంచి 20 కిలోమీటర్ల ప్రయాణం చేతికొచ్చిందన్నమాట.

ఇప్పుడు మీ ఇంటి లెక్క చూడండి. ఆఫీసుకు వెళ్ళి రావడం, పిల్లల ట్యూషను, సాయంత్రం గుడి, కూరగాయలు, అన్నీ కలిపి 30 కిలోమీటర్లు అనుకుందాం. దానికి కావలసింది 5 యూనిట్లు, రెండు గంటల కరెంటు. రోజులో ఎనిమిది గంటలు కోత పడినా, మిగిలిన పదహారు గంటల్లో ఆ రెండు గంటలు దొరకకుండా పోవు. కాబట్టి రోజువారీ కోతలను చూసి భయపడనక్కరలేదు. ఆలోచించవలసింది రెండు మూడు రోజులపాటు కరెంటు రాని సందర్భం గురించి.

గంగాళం పద్ధతి

కుళాయిలో రోజు విడిచి రోజు నీళ్ళు వచ్చే పేటల్లో కాపురం చేసిన వారికి ఈ విద్య ఎవరూ నేర్పనక్కరలేదు. నీళ్ళు వచ్చినప్పుడే గంగాళం నింపుతాం. అడుగంటేదాకా ఆగి, అప్పుడు కుళాయి తిప్పి చూడం. పెట్రోలు కారు మాత్రం మనకు దీనికి విరుద్ధమైన అలవాటు నేర్పింది. ముల్లు ఎర్ర గీత దాటి, దీపం వెలిగాక గాని బంకు గుర్తుకు రాదు. కరెంటు కారుతో ఆ అలవాటు మానుకోవాలి. ఇల్లు చేరగానే తగిలించడం, సగానికి దిగకుండా చూసుకోవడం, ఇంతే సూత్రం. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న మాటకు ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు.

మామూలు రోజుల్లో చాలా కార్లకు 80 శాతం దగ్గర ఆపడం బ్యాటరీ ఆయుష్షుకు మంచిది. కొన్ని రకాల బ్యాటరీలను అప్పుడప్పుడు 100 దాకా నింపమని తయారీదారులే చెబుతారు. మీ కారు పుస్తకంలో ఎలా ఉంటే అలా చేయండి. తుఫాను హెచ్చరిక వచ్చినా, మరమ్మతుల కోసం పగలంతా సరఫరా ఆపుతామని ప్రకటన వచ్చినా, ముందురోజు రాత్రే 100 శాతం నింపేయండి. సగం బ్యాటరీ, అంటే 15 యూనిట్లు ఉన్నా దాదాపు 100 కిలోమీటర్లు వెళ్ళవచ్చు. యానాం నుంచి కాకినాడ రమారమి 30 కిలోమీటర్లు. అర్ధరాత్రి పెద్దాసుపత్రికి వెళ్ళి రావడానికి 10 యూనిట్లు సరిపోతాయి. ఇంట్లో వృద్ధులో నిండు చూలాలో ఉన్నవారు ఈ 10 యూనిట్లను పోపుల డబ్బాలో దాచిన డబ్బులా చూసుకోవాలి.

ఇన్వర్టరుతో నింపవచ్చా?

“ఇన్వర్టరు ఉంది కదా, దానికి తగిలిస్తే పోలా?” అని చాలామంది అడుగుతారు. మన ఇళ్ళలో సాధారణంగా ఉండే ఇన్వర్టరు బ్యాటరీ 12 వోల్టులు, 150 ఆంపియర్-అవర్లు. రెంటినీ గుణిస్తే 1,800 వాట్-అవర్లు, అంటే 1.8 యూనిట్లు. అందులో పోయేది పోగా కారుకు దక్కేది మహా అయితే 8, 10 కిలోమీటర్లు. ఆ కాస్తకోసం ఇల్లంతా చీకటి చేసుకోవాలి. పైగా కారు చార్జరు అడిగేది 3 కిలోవాట్లు. 1,000 వోల్ట్-ఆంపియర్ల ఇన్వర్టరు దాన్ని మోయలేదు. అందుచేత కారు ప్లగ్గు ఇన్వర్టరు లైనులో లేకుండా చూడమని ఎలక్ట్రీషియన్‌కు ముందే చెప్పండి.

జనరేటరు సంగతీ అంతంతమాత్రమే. చిన్న డీజిలు జనరేటరు లీటరుకు సుమారు మూడు యూనిట్లు ఇస్తుంది. దాంతో కారు 17, 18 కిలోమీటర్లు నడుస్తుంది. ఆ మాత్రానికి డీజిలు కారే నయం! ప్రాణావసరం వస్తే తప్పదు గాని, అది అలవాటు కారాదు. అపార్టుమెంటు జనరేటరు లిఫ్టుకు, నీళ్ళ మోటారుకు, ఇంటికి రెండు దీపాలకు ఉద్దేశించింది. దానికి కారు తగిలిస్తే లిఫ్టులో ఉన్నవారు మధ్యలో చిక్కుకుంటారు. సంఘం సమావేశంలో గొడవ పడేకంటే, కారు పాయింటును జనరేటరు వైపు కలపకుండా నేరుగా మీటరు నుంచి లాగించుకోవడం మేలు.

ఇక సౌర ఫలకాలు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకం కింద 3 కిలోవాట్లకూ ఆపైనా 78,000 రూపాయల సబ్సిడీ వస్తుండడంతో మనవాళ్ళు చాలామంది మేడ మీద ఫలకాలు పెట్టించుకుంటున్నారు. మంచిదే. అయితే ఒక సంగతి తెలుసుకోవాలి. బ్యాటరీ లేకుండా వీధి లైనుకు కలిపిన ఫలకాలు, వీధిలో కరెంటు పోగానే అవీ ఆగిపోతాయి. మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన కట్టడి. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు మన మేడ మీది కరెంటు తగలకూడదని. కోతలోనూ పనిచేయాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరు పెట్టించుకోవాలి. ఖర్చు ఎక్కువ. ఫలకాలు అమ్మేవారిని ఈ ఒక్క ప్రశ్న అడిగాకే సంతకం పెట్టండి.

తీగ, ప్లగ్గు, ఎర్తు

కారు కొన్న మోజులో చాలామంది పట్టించుకోనిది వైరింగు. రంగుల దీపాలకు, మిక్సీకి వేసిన తీగ కారుకు చాలదు. ప్రతిరోజూ గంటల తరబడి నిండు భారం మోయాలి కదా! మీటరు బోర్డు నుంచి విడిగా రాగి తీగ, కనీసం 4 చదరపు మిల్లీమీటర్లది లాగించండి. దానికి సొంత ఎం.సి.బి., 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి., 16 ఆంపియర్ల మంచి సాకెట్టు ఉండాలి. గోడకు బిగించే 7.2 కిలోవాట్ల చార్జరైతే 32 ఆంపియర్ల లైను, 6 చదరపు మిల్లీమీటర్ల తీగ కావాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాట ఎత్తవద్దు. మొదటిరోజు గంట గడిచాక ప్లగ్గును వెలుపలి నుంచి ముట్టి చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే స్విచ్చి ఆపి మేస్త్రీని పిలవండి.

పాత ఇళ్ళలో ఎర్తు ఉండదు, ఉన్నా గుంట ఎండిపోయి ఉంటుంది. అప్పుడు చార్జరు ఎర్ర దీపం చూపించి మొరాయిస్తుంది. కొందరు మేస్త్రీలు సాకెట్టులో న్యూట్రల్ తీగను ఎర్తు పిన్నుకు కలిపి “ఇదిగో, అయిపోయింది” అంటారు. ఒప్పుకోవద్దు. గాలివానకు వీధిలో న్యూట్రల్ తెగితే కారు ఒళ్ళంతా కరెంటు పాకుతుంది. అప్పుడు తలుపు తీసే చెయ్యి ఎవరిదైనా కావచ్చు. కొత్త ఎర్తు గుంట తీయించండి, వేసవిలో దానికి నీళ్ళు పోస్తూ ఉండండి.

కారు తగిలించి ఉండగా కరెంటు పోతే నష్టమేమీ లేదు. ఎక్కినంత ఎక్కుతుంది. తిరిగి రాగానే చాలా కార్లు వాటంతటవే మొదలుపెడతాయి. అయితే పెద్ద కోత తరవాత సరఫరా వచ్చిన కొత్తలో వోల్టేజి ఎగుడుదిగుడుగా ఉంటుంది. అప్పుడు పావుగంట ఆగి స్విచ్చి వేయడం మంచిది. కారు చేర్చాక ఇంటి శాంక్షన్డ్ లోడు పెంచమని విద్యుత్ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వాలి. 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం కారు చార్జింగుకు విడిగా కనెక్షను కూడా అడగవచ్చు.

ఇంటికి కారు సాయం

ఇంతదాకా ఇల్లు కారును పోషించే కథ చెప్పుకున్నాం. కోత వేళ కారే ఇంటిని పోషించగలదు. ఇంటి వస్తువులకు కరెంటు ఇచ్చే ఏర్పాటు కొన్ని కార్లలోనే ఉంది. 2023 సెప్టెంబరులో వచ్చిన కొత్త నెక్సాన్ అలాంటిది. నిండా ఉన్న 30 యూనిట్లలో సగం ప్రయాణానికి ఉంచేసి 15 యూనిట్లు ఇంటికి కేటాయించామనుకోండి. ఫ్రిజ్‌కు రోజుకు 1 యూనిట్, రెండు ఫ్యాన్లు పన్నెండేసి గంటలు తిరిగితే 1.8, నాలుగైదు ఎల్.ఇ.డి. దీపాలకు, ఫోన్లకు అర యూనిట్. మొత్తం మూడున్నరకు మించదు. నాలుగు రోజులు గడిచిపోతాయి. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ దాచుకునే ఇంటికి ఆ నాలుగు రోజులు ఎంత విలువైనవో వేరే చెప్పాలా?

కాని ఇక్కడే ఒక పెద్ద హెచ్చరిక. కారు నుంచి వచ్చే తీగను నేరుగా ఫ్రిజ్‌కు, ఫ్యానుకు తగిలించాలి. గోడలోని సాకెట్టులో గుచ్చి ఇల్లంతా వెలిగిద్దామని ఎన్నడూ ప్రయత్నించకండి. ఆ కరెంటు మీటరు దాటి వీధిలోకి వెళుతుంది. ట్రాన్స్‌ఫార్మరులో తిరగబడి 230 వోల్టులు 11,000 వోల్టులవుతాయి. లైను చచ్చిపోయి ఉందనుకుని తీగ పట్టుకున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. మన ఇంట్లో దీపం పెట్టడానికి ఇంకొకరి ఇంట్లో దీపం ఆర్పకూడదు. ఇల్లంతటికీ ఇవ్వాలనుకుంటే, వీధి లైనును పూర్తిగా తెంచే చేంజోవర్ స్విచ్చిని అర్హత గల ఎలక్ట్రీషియన్ చేత పెట్టించుకోవాలి. కారు తయారీదారు కూడా దానికి అనుమతించి ఉండాలి.

వరద వస్తుంటే

2022 జులైలో గోదావరి పొంగి యానాంలోకి వచ్చింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ వానలకు చెన్నైలో కార్లు తేలాయి. నీళ్ళు వచ్చే సూచన ఉంటే ముందు ప్లగ్గు తీసి, ఎం.సి.బి. ఆపి, కారును మెరక ప్రదేశానికి చేర్చండి. నీళ్ళలో మునిగిన కారును ఆరబెట్టి తగిలిద్దామనుకోకండి. స్టార్టు చేయకుండా, ఇంటి గోడకు దూరంగా ఉంచి కంపెనీవారిని పిలవండి. ఉప్పునీళ్ళు మరీ ప్రమాదం. 2022లో ఇయన్ తుఫాను తరవాత అమెరికాలోని ఫ్లోరిడాలో సముద్రపు నీళ్ళలో మునిగిన కరెంటు కార్లు కొన్ని తరవాత రోజుల్లో అంటుకున్నాయి. సముద్రం ఒడ్డున ఉన్న మనవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఎవరు కొనవచ్చు, ఎవరు ఆగాలి?

సొంత పార్కింగు, సొంత మీటరు, సరైన ఎర్తు ఉన్నవారు కోతలకు జంకి వెనకాడనక్కరలేదు. అద్దె వాటాలో ఉండి, వీధిలో కారు నిలిపేవారు మాత్రం కొంతకాలం ఆగితేనే మంచిది. కిటికీలోంచి తీగ వేలాడదీసి, దారిన పోయే పిల్లల కాళ్ళకు అడ్డంపెట్టి నింపుకోవడం మర్యాదా కాదు, క్షేమమూ కాదు. ఇంట్లో రెండు బళ్ళు ఉన్నవారు ఒకటి కరెంటుది, ఒకటి పెట్రోలుది ఉంచుకుంటే తుఫాను రోజుల్లో ఒకదానికొకటి ఆసరా. పెట్రోలు బంకులో పంపు తిరగాలన్నా కరెంటే కావాలని మరవకండి.

ఈ వారాంతంలో ఒక పని చేయండి. ఇంట్లో మీటరు బోర్డు దగ్గర నిలబడి, కారు లైను ఎం.సి.బి. ఏదో ఇంటిల్లిపాదికీ చూపించండి. దాని పక్కన తెలుగులో రాసిన చీటీ అంటించండి. తుఫాను రాత్రి మీరు ఊళ్ళో లేకపోయినా, ఇంట్లో ఉన్న అమ్మమ్మగారు టార్చిలైటు వెలుగులో ఆ స్విచ్చి ఆపగలగాలి.

వచ్చే సంచికలో వేసవి నీటి ఎద్దడి, ఇంటి సంపుల శుభ్రత గురించి చెప్పుకుందాం. మీ పేటలో కోతలు ఎలా ఉన్నాయో, మీరు ఎలా సర్దుకుంటున్నారో రాసి పంపితే తోటి పాఠకులకు ఉపకారం చేసినవారవుతారు.