యాప్ మూతపడితే పాఠం ఎక్కడికి పోతుంది?

ఉపాధ్యాయులకు ఏ వృత్యంతర శిక్షణ పెట్టినా అందులో ఒక గంట ఉచిత డిజిటల్ ఉపకరణాలకు కేటాయించడం ఇప్పుడు ఆనవాయితీ అయిపోయింది. గూగుల్ క్లాస్‌రూమ్, కహూట్, కాన్వా, ఖాన్ అకాడమీ, కొత్తగా చాట్‌జీపీటీ. తెర మీద జాబితా చూపిస్తారు, అందరి చేతా ఖాతాలు తెరిపిస్తారు, ఫొటో తీసి పైఅధికారులకు పంపుతారు. ఇన్ని ఊరికే దొరుకుతుంటే వాడుకోకపోవడం మీ బద్ధకమే అన్నట్టు మాట్లాడతారు. ఆ గంటలో ఒక్క ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు. రేపు ఆ కంపెనీ దుకాణం కట్టేస్తే, ఈ టీచర్ కూర్చుని తయారుచేసుకున్న పాఠం ఏమవుతుంది? పిల్లల వివరాలు ఎవరి చేతికి పోతాయి? దీనికి రాతపూర్వకమైన జవాబు లేని ఏ ఉచిత ఉపకరణాన్నీ ప్రభుత్వ బడి గడప తొక్కనివ్వకూడదు. నాది ఊహల్లోంచి పుట్టిన భయం కాదు. 2022 సెప్టెంబర్ 22న జరిగిన సంగతి చూసి చెబుతున్న మాట.

ఆ రోజు ఎడ్మోడో మూతపడింది. 2008లో అమెరికాలో మొదలైన ఈ వేదిక చూడటానికి ఫేస్‌బుక్‌లా ఉండేది. టీచర్ ఒక కోడ్ ఇస్తే పిల్లలు తరగతిలో చేరేవారు. హోంవర్క్, క్విజ్‌లు, మార్కులు, తల్లిదండ్రులకు కబుర్లు అన్నీ అక్కడే. టీచర్ల దగ్గర పైసా తీసుకోలేదు. పది కోట్లకు పైగా ఖాతాలున్నాయని చెప్పుకుంది. 2018లో చైనా కంపెనీ నెట్‌డ్రాగన్ దాన్ని కొనుక్కుంది. 2020లో కరోనాతో బడులు మూతపడగానే ఈజిప్టు ప్రభుత్వం తన దేశపు పిల్లలందరికీ దాన్నే ఎంచుకుంది. మన దేశంలోనూ ఎందరో టీచర్లు దాని మీద తరగతులు నడిపారు. మూడేళ్లు తిరక్కుండానే, కొద్ది వారాల ముందు కబురు చేసి, మూసేశారు. విషయం తెలిసినవాళ్లు తమ ఫైళ్లు దించుకున్నారు. తెలియనివాళ్ల పని అంతటితో సరి.

అదే ఏడాది మన దగ్గర ఏం జరిగిందో తేదీల వారీగా పక్కన పెట్టి చూడండి. 2022 జూన్ 16న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్‌తో ఒప్పందం చేసుకుంది. పాఠ్యాంశాలు ఉచితమన్నారు. సెప్టెంబర్ 22న ఎడ్మోడో మూతపడింది. డిసెంబర్ 21న 5 లక్షలకు పైగా ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. మధ్యలో మూడు నెలల సమయం ఉంది. ప్రపంచంలోని పెద్ద ఉచిత విద్యా వేదికల్లో ఒకటి కళ్లముందే కనుమరుగైతే, మన కంపెనీకే అదే గతి పడితే ఏమిటన్న చర్చ ఆ మూడు నెలల్లో శాసనసభలో గానీ పత్రికల్లో గానీ నాకు కనిపించలేదు. 2024 జూలైలో బైజూస్ మాతృసంస్థను దివాలా ప్రక్రియలోకి తీసుకుంటూ జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ బెంగళూరు బెంచ్ ఆదేశమిచ్చింది. అప్పటి నుంచి ఒక పార్టీ దాన్ని తిట్టడానికి వాడుకుంటోంది, ఇంకో పార్టీ ట్యాబ్‌ల సంఖ్య చెప్పి సమర్థించుకుంటోంది. ఎవరి హయాంలో జరిగిందన్న దగ్గరే వాదన ఆగిపోయింది. ఉచితమని దేన్నయినా తీసుకునే ముందు ప్రభుత్వం ఏం అడగాలన్న అసలు విషయం దాకా ఏ పక్షమూ రాలేదు.

తెలంగాణ సంగతీ అంతే. 2025 జూలైలో పాఠశాల విద్యాశాఖ ఖాన్ అకాడమీ, ఫిజిక్స్‌వాలా, ఏక్‌స్టెప్, ప్రథమ్ వంటి సంస్థలతో ఒప్పందాలు చేసుకుంది. ఆ సంస్థల్లో మంచి పేరున్నవి ఉన్నాయి, వాటి పనిని నేను తక్కువ చేయడం లేదు. నా చిరాకు మన చర్చ మీద. ఖజానాకు భారం లేదన్నారు, కృత్రిమ మేధ వస్తోందన్నారు, అక్కడితో అందరూ చప్పట్లు కొట్టారు. ఎదురు మాట్లాడినవాళ్లు కూడా పిల్లలకు తెరలు చెడు, ప్రైవేటు వాళ్లను బడిలోకి రానిస్తున్నారు అన్న పాత మాటలే తిరగేశారు. మెచ్చుకున్నవాళ్లకూ తెగిడినవాళ్లకూ ఎడ్మోడో పేరే గుర్తు రాలేదు.

ఇందులో కంపెనీల దుర్మార్గం వెతకనక్కర్లేదు. లెక్క సూటిగానే ఉంటుంది. పెట్టుబడిదారుల డబ్బుతో మొదట ఊరికే ఇస్తారు. వాడేవాళ్ల సంఖ్య పెరిగితే కంపెనీ విలువ పెరుగుతుంది. ఆ తర్వాత రుసుము పెట్టాలి, ప్రకటనలు అమ్మాలి, లేదా మూసేయాలి. మూడోదే జరిగితే టీచరు చేయగలిగిందేమీ లేదు, ఎందుకంటే ఆమె కొనుగోలుదారు కాదు. పెద్ద కంపెనీలు ఇందుకు మినహాయింపని అనుకోవద్దు. గూగుల్ విద్యాసంస్థలకు అపరిమిత నిల్వ ఊరికే ఇచ్చింది. అలవాటు పడ్డాక, 2021లో ప్రకటించి 2022 జూలై నుంచి ఒక్కో సంస్థకు మొత్తంగా 100 టెరాబైట్ల పరిమితి పెట్టింది. లాక్‌డౌన్‌లో ఎందరో లెక్కల మాస్టార్లు బోర్డుగా వాడుకున్న గూగుల్ జామ్‌బోర్డు 2024 డిసెంబర్ 31తో ఆగిపోయింది. పిల్లల చేత వీడియో జవాబులు చెప్పించిన మైక్రోసాఫ్ట్ ఫ్లిప్ అదే ఏడాది జూలైలో విడి యాప్‌గా ముగిసింది. ఎడ్మోడో ఒకసారి ఎక్కడో జరిగిన ప్రమాదం కాదు, ఈ వ్యాపారం నడిచే తీరే అది.

ఈ నష్టం అందరికీ ఒకటే అనుకుంటే పొరపాటు. ఇంగ్లిష్ మీడియం టీచరుకు ఒక వేదిక పోతే ఇంకోచోట వేల కొద్దీ క్విజ్‌లు సిద్ధంగా ఉంటాయి, పేరు కొట్టి తెచ్చుకుంటే చాలు. తెలుగులో చెప్పే టీచరుకు ఆ సౌకర్యం లేదు. ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో ఒక్క పాఠానికి ఇరవై ప్రశ్నల క్విజ్ కావాలంటే ప్రశ్న ఆమే రాసుకోవాలి, ‘సూక్ష్మజీవులు’, ‘కిణ్వప్రక్రియ’ వంటి మాటలు ఒత్తులు తప్పకుండా ఆమే టైపు చేసుకోవాలి, బొమ్మలో భాగాల పేర్లు ఇంగ్లిష్‌లో ఉంటే చెరిపి తెలుగులో ఆమే అతికించుకోవాలి. బడి విడిచాక, వంట అయ్యాక, రాత్రి ఫోనులో చేసే పని ఇది. ఆ ఇరవై ప్రశ్నలు తెలుగులో అంతకుముందు లేవు. వేదిక మూతపడితే మళ్లీ ఉండవు. ఒక మండలంలో పదిమంది టీచర్లు పదేళ్లపాటు ఇలా చేస్తే అది తెలుగు పిల్లల ఉమ్మడి ఆస్తి. దాన్ని ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌లో, ఆ కంపెనీ దయ ఉన్నంతకాలం ఉండేలా పెట్టించడం ఊరికే ఉండమన్నారని పరాయివాళ్ల స్థలంలో ఇల్లు కట్టుకోవడమే. పెట్టమని చెప్పింది విద్యాశాఖ. పోయినప్పుడు జవాబు చెప్పేవాడు ఎవడూ లేడు.

అలాగని ఉచితమైనవన్నీ ఒక గాటన కట్టలేం. కొలరాడో విశ్వవిద్యాలయంలో, భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ కంప్యూటర్ నమూనాలు చూడండి. వాటిలో చాలావాటికి తెలుగు అనువాదాలున్నాయి. పదో తరగతి విద్యుత్తు పాఠానికి వలయం కట్టే నమూనా ఒకటి దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే తరగతి గదిలోని ఐఎఫ్‌పీ (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్) తెర మీద నెట్ లేకుండానే నడుస్తుంది. పిల్లలే తీగలు లాగి బ్యాటరీకీ బల్బుకీ కలుపుతారు. నిరోధం పెంచితే తీగలో కదిలే ఎలక్ట్రాన్లు నెమ్మదిస్తాయి, బల్బు మందగిస్తుంది. ఎవరో ఒక పిల్లవాడు బ్యాటరీ రెండు కొసల్నీ తీగతో నేరుగా కలిపేస్తాడు, బ్యాటరీ మీద మంట లేస్తుంది, తరగతి అంతా గోల. షార్ట్ సర్క్యూట్ అంటే ఏమిటో ఆ పిల్లలకు మళ్లీ చెప్పనక్కర్లేదు. దీనికి ఖాతా అక్కర్లేదు, పిల్లవాడి పేరు అక్కర్లేదు, ఫోన్ నంబర్ అక్కర్లేదు. రేపు ఆ విశ్వవిద్యాలయం ప్రాజెక్టును ఆపేసినా ఆ పెన్‌డ్రైవ్‌లోని ఫైలు తెరుచుకుంటుంది.

జియోజీబ్రా కథ ఇంకా విలువైనది. గణితానికి అంత చక్కని ఉపకరణం అరుదు. 2021 డిసెంబర్‌లో దాన్ని కొన్నది మరెవరో కాదు, బైజూసే. కొన్న కంపెనీ తర్వాత దివాలా కేసులో పడింది. అయినా బడి కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసి ఉన్న జియోజీబ్రాలో ఈ రోజుకీ త్రిభుజం గీయవచ్చు, శీర్షాన్ని పట్టి లాగితే మూడు కోణాల మొత్తం మారకుండా 180 డిగ్రీలే ఉంటుందని చూపించవచ్చు. యజమాని తలకిందులైనా చెక్కుచెదరలేదు, ఎందుకంటే అది బడిలోని యంత్రంలోనే ఉంది. ఎడ్మోడో ఉచితం, జియోజీబ్రా ఉచితం. ఒకదానితో పాటు టీచరు శ్రమ పోయింది, రెండోదాంట్లో మిగిలింది. ఈ తేడాను శిక్షణ ఇచ్చేవాళ్లు చెప్పరు, ఒప్పందాలు రాసేవాళ్లు అడగరు.

పిల్లల వివరాల విషయానికొస్తే ఎడ్మోడో మరింత చేదు. 2023 మేలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాని మీద చర్య తీసుకుంది. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల సమాచారం సేకరించి ప్రకటనలకు వాడిందని, ఆ అనుమతి తెచ్చే బాధ్యతను బడుల మీదకీ టీచర్ల మీదకీ నెట్టేసిందని అభియోగం. 60 లక్షల డాలర్ల జరిమానా వేశారు. కంపెనీకి కట్టే శక్తి లేదని దాన్ని నిలిపివేశారు. మూతపడిన కంపెనీ నుంచి జరిమానా కూడా రాలేదు. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటోంది. క్లాస్ టీచర్ తన ఫోను నుంచి నలభైమంది పిల్లల పేర్లు ఎక్కించి ఖాతాలు తెరిస్తే ఆ సమ్మతి ఎవరిచ్చినట్టు? రేపు గొడవైతే నోటీసు ఎవరికి వస్తుంది? ప్రభుత్వ వేదిక అయితే చాలు అనుకోవడానికీ లేదు. దీక్షా యాప్‌కు చెందిన నిల్వ ఒకటి రక్షణ లేకుండా పడి ఉండి, లక్షలమంది ఉపాధ్యాయుల, విద్యార్థుల వివరాలు బయటికి కనిపించాయని 2023 జనవరిలో తేలింది.

ఇన్ని షరతులు పెడితే ఎవరూ ముందుకు రారు, నష్టపోయేది పేదపిల్లలే అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది, కరోనా కాలంలో ఈ వేదికలే లేకపోతే చాలామంది పిల్లలకు చదువుతో ఉన్న ఆ కాస్త లంకె కూడా తెగిపోయేది. కానీ కేరళను చూడండి. 2001లో ఐటీ@స్కూల్‌తో మొదలుపెట్టి, ఇప్పుడు కైట్ పేరుతో, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే బడి కంప్యూటర్లన్నీ నడుపుతోంది. సొంత టీచర్లకే శిక్షణ ఇచ్చుకుంది. అక్కడి పేదపిల్లలేమీ నష్టపోలేదు. కేంద్ర విద్యాశాఖ 2024-25 యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో ఇంటర్నెట్ ఉన్న బడులు 63.5 శాతమే. మూడో వంతుకు పైగా బడుల్లో నెట్టే లేనప్పుడు, నెట్ లేకుండా నడిచేదే కావాలని పట్టుబట్టడం అత్యాశ ఎలా అవుతుంది?

ఈజిప్టు దేశం మొత్తాన్నీ ఒక కంపెనీ చేతిలో పెట్టింది, 2022 సెప్టెంబర్ 22న ఆ కంపెనీ వెళ్లిపోయింది. ఇది తెలిసి కూడా మన అధికారులు, మూతపడితే ఏమవుతుందని అడగకపోతే దాన్ని అమాయకత్వమనలేం. రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ ఇప్పటిదాకా చేసుకున్న ఉచిత ఒప్పందాల పూర్తి పాఠాన్ని తమ వెబ్‌సైట్లలో పెట్టాలి. మూసేసే పరిస్థితి వస్తే ఎన్ని నెలల ముందు చెప్పాలో, టీచర్లు చేసిన పాఠాలన్నీ ఇంకెక్కడైనా తెరుచుకునే రూపంలో ఎవరు తిరిగి ఇవ్వాలో, పిల్లల వివరాలు చెరిపేశామని ఎవరు ధ్రువపత్రం ఇవ్వాలో అందులో ఉండాలి. ఆ నిబంధన లేని ఒప్పందాన్ని వెంటనే తిరగరాయాలి. సంతకం చేసిన సంస్థ ఒప్పుకోకపోతే దాని పేరు శిక్షణ జాబితాలోంచి తీసేయాలి. ఇవేవీ చేతకాకపోతే కనీసం ఒక్క పని చేయండి. తదుపరి శిక్షణలో ఖాతాలు తెరిపించే ముందు, ఇది పోతే మీ పని కూడా పోతుంది, శాఖకు బాధ్యత లేదు అని ఆ టీచర్ల ముఖం చూసి చెప్పండి. ఆ మాట ప్రొసీడింగ్స్‌లో రాసి, కింద సంతకం పెట్టండి.