కాగితాలు కూడా అమానతే

ఉమ్రాకు సిద్ధమైన మా బంధువుల ఇంట ఇటీవల ఒక సంఘటన జరిగింది. యాత్ర ఏర్పాట్లు చూసే సంస్థ తన యాత్రికులందరి పాస్‌పోర్టు ప్రతులను ఒకే ఈమెయిల్‌కు జతపరచి అందరికీ పంపివేసింది. పుట్టిన తేదీలు, చిరునామాలు, స్త్రీల ఛాయాచిత్రాలు ముక్కూమొగం తెలియని వారి చేతికి చేరాయి. ఇదేమిటని అడిగితే, పని త్వరగా తెమలాలని అలా చేశామన్నారు. ఆ ఇంటి ఆడపడుచులు పడిన వేదన మేము కళ్లారా చూశాము.

ఈమెయిల్‌ను మనం అంటించిన కవరుగా భావిస్తాము. దారిలో దానికి కొంత రక్షణ ఉన్నా, చేరిన తరువాత పంపినవారి వద్ద, అందుకున్నవారి వద్ద చదవడానికి వీలైన రూపంలోనే ఏళ్ల తరబడి పడి ఉంటుంది. చిరునామాలో ఒక్క అక్షరం తప్పినా, ఒక్కరి పాస్‌వర్డు దొంగకు చిక్కినా అందరి గుట్టూ బయటపడుతుంది. పాస్‌వర్డును మార్చుకోగలము, పుట్టిన తేదీని మార్చుకోలేము కదా!

అమానతు ఉంచుకున్నవాడి నిర్లక్ష్యం లేకుండా అది నష్టపోతే అతడు బాధ్యుడు కాడు, నిర్లక్ష్యం చేస్తే బాధ్యుడేనని మన ఫుఖహాలు నిర్ణయించారు. దాచమని ఇచ్చిన సొమ్మును నడివీధిలో వదలివెళ్లి, దొంగిలించింది నేను కాదంటే చెల్లుతుందా?

దేశ న్యాయం కూడా ఇదే దిశలో నడుస్తున్నది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తగిన భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా నిర్దేశించింది.

మన వంతు జాగ్రత్తలూ ఉన్నాయి. వీలైన చోట చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ప్రతిపై ఏ పని నిమిత్తం ఇస్తున్నారో, తేదీతో సహా వ్రాయండి. ఫైలుకు పాస్‌వర్డు పెట్టి, ఆ పాస్‌వర్డును అదే మెయిల్‌లో కాక ఫోనులో చెప్పండి. పని ముగిశాక ప్రతులను తొలగించమని నిస్సంకోచంగా అడగండి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. మా మదరసాలోనూ పిల్లల ఆధార్ ప్రతులను ఇన్నాళ్లూ మామూలు మెయిల్‌లోనే పంపుతూ వచ్చాము. ఆ సంస్థను నిందించిన నోటితోనే మమ్మల్ని మేము ప్రశ్నించుకుని, ఆ పద్ధతి మానుకున్నాము. దుకాణం, ట్రస్టు, మస్జిదు కమిటీ నడిపే సోదరులారా, మీ బల్ల సొరుగులో, మీ మెయిల్‌పెట్టెలో ఎవరి అమానతు ఉన్నదో ఈ రోజే ఒకసారి చూసుకోండి.