గోడ మనది, బరువు ఎవరిది?

పొరుగువాడు తన ఇంటి దూలాన్ని మన గోడపై ఆనించుకోదలిస్తే అడ్డు చెప్పరాదని దైవప్రవక్త (సఅసం) ఉపదేశించినట్లు హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. గోడకు నష్టం కలగనంత వరకు అలా అనుమతించడం తప్పనిసరి అని ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై) అభిప్రాయం. హనఫీ, మాలికీ పండితులు దానిని అభిలషణీయమన్నారు. ఈ భేదాన్ని మేము ఏళ్ల తరబడి మద్రసాలో బోధిస్తూ వచ్చాము. గత శీతాకాలంలో మా సొంత ఇంటిలోనే ఈ విషయంలో పొరపాటు చేశాము. ఇలాంటి పనికి పూనుకునే కుటుంబాలు మరికొన్ని ఉండవచ్చునన్న తలంపుతో జరిగినది జరిగినట్లు రాస్తున్నాము.

మాది కర్నూలు పాతబస్తీలో నాన్నగారు కట్టించిన మేడ ఇల్లు. కింది భాగాన్ని మాకు, పైభాగాన్ని తమ్మునికి ఆయన తమ జీవితకాలంలోనే హిబా చేశారు. ఆరేళ్ల క్రితం తమ్ముడు అల్లాహ్ సన్నిధికి చేరుకున్నాడు. వారసత్వ ధర్మం ప్రకారం పైభాగంలో ఎనిమిదో వంతు మా మరదలిది, మిగిలినదంతా ముగ్గురు పిల్లలది. పిల్లలింకా యుక్తవయస్కులు కారు.

కింద ముందు గదికీ వెనుక గదికీ నడుమ పదమూడు అడుగుల పొడవున ఒక చెక్క అడ్డుగోడ ఉండేది. నాలుగు టేకు గుంజలు, వాటి నడుమ పలకలు, పైన అడ్డంగా ఒక పట్టె. ప్రతి శుక్రవారం మా ఇంటివారు స్త్రీలకు ఖుర్ఆన్ నేర్పుతారు. వచ్చేవారు ముప్పై మందికి చేరడంతో స్థలం చాలలేదు. అడ్డుగోడ తీసివేస్తే రెండు గదులూ ఒకటవుతాయని అనుకున్నాము. మేస్త్రి వచ్చి పలకలపై పిడికిలితో కొట్టి చూశాడు. "ఒట్టి చెక్క సాబ్, ఇదేం బరువు మొయ్యడం లేదు" అన్నాడు. మాకు కావలసిన మాట అదే గనుక మరొకరిని అడగలేదు. మేడ మీదివారికైతే కబురైనా చెప్పలేదు. మా భాగంలో మేము చేయించుకునే పనికి వారిని అడగడమెందుకన్న భావం మా మనసులో ఉన్నదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాము.

మొదటి రోజు పలకలన్నీ ఊడదీసి, ఒక గుంజను కోశారు. మూడో రోజు మగ్‌రిబ్ తర్వాత తమ్ముని చిన్న కొడుకు వచ్చి, "బడే అబ్బా, మా తలుపు పడడం లేదు" అన్నాడు. పైకి వెళ్లి చూశాము. గచ్చు నేలపై ఈ గోడ నుంచి ఆ గోడ వరకు వెంట్రుక మందాన బీట వారి ఉంది. తలుపు పైభాగం చట్రానికి పట్టుకుంటోంది. పిల్లల పడకలు అప్పటికే అవతలి మూలకు జరిపి ఉన్నాయి. బీటను మా మరదలు రెండు రోజుల ముందే చూసింది. చూసి కూడా మాతో ఒక్క మాట అనలేదు. బావగారి పనికి అడ్డు చెప్పినట్లవుతుందని ఊరుకుందట. ఆ మౌనం మమ్మల్ని బీట కన్నా ఎక్కువగా భయపెట్టింది. అనాథల సొమ్మును అన్యాయంగా తినేవారి గురించి దివ్యఖుర్ఆన్ నిసా సూరాలో చేసిన హెచ్చరికను మేము ఎన్ని సభలలో వినిపించలేదు! అనాథల నేలను పగలగొట్టడం దానికి ఎంత దూరం?

ఆ రాత్రే పని ఆపించాము. కోసిన గుంజ స్థానంలో రెండు సెంట్రింగ్ జాకీలు నిలబెట్టించాము. మరునాడు మా పూర్వ విద్యార్థి ఒకరి అన్నగారు, కట్టడాల ఇంజనీరు, వచ్చి కప్పులోని ఒక చెక్కను విప్పి చూపించారు. ముందు గోడ నుంచి వెనుక గోడ వరకు దంతెలు ఒకే పొడవుగా లేవు. రెండేసి ముక్కలు సరిగ్గా ఆ అడ్డుగోడ పైనే కలుస్తున్నాయి. అడ్డుగోడ బరువు మోస్తోందనడానికి అంతకు మించిన రుజువు అక్కరలేదు. దంతెలు ఒకే పొడవున ఉన్నప్పటికీ ధీమాగా ఉండరాదని ఆయన హెచ్చరించారు. కేవలం మరుగు కోసం కట్టిన చెక్కగోడ మీదికి కూడా ఏళ్లు గడిచేకొద్దీ వంగిన దంతెలు వచ్చి ఆనుకుంటాయి. పిడికిలితో కొట్టి వినే శబ్దం ఇందులో ఏదీ చెప్పదు.

ఆయన లెక్క కట్టారు. నివాస గృహంలో మనుషులకూ సామానుకూ చదరపు మీటరుకు 200 కిలోల చొప్పున లెక్కవేయాలట. దానికి దళసరి సున్నపు గచ్చునూ కప్పు చెక్కనూ కలుపగా ఆ అడ్డుగోడపై ఉన్నది సుమారు ఎనిమిది టన్నులు. గోడ తీయాలంటే 250 మిల్లీమీటర్ల ఎత్తు గల ఇనుప దూలం కావాలి. అది మీటరుకు 37 కిలోలు. నాలుగు గుంజల మీద పంచుకుపోయిన బరువు ఇకపై దూలం రెండు చివరలకే చేరుతుంది, ఒక్కో చివర నాలుగు టన్నులు. పాత సున్నపు గోడ ఆ ఒత్తిడికి నలిగిపోకుండా రెండు వైపులా కాంక్రీటు దిమ్మెలు పోసి, వాటిపై దూలాన్ని ఆనించాలి.

లెక్క చేతికి వచ్చాక మరదలి అనుమతి కోరాము. "మీరెలా చెబితే అలాగే, భాయీజాన్" అంది. ఆ మాటతో పని మొదలుపెట్టి ఉంటే మళ్లీ తప్పే చేసేవాళ్లం. మైనర్ల ఆస్తికి నష్టం కలిగించే పనికి సంరక్షకులు సరేనన్నా అది చెల్లదు. పై అంతస్తు ఒకరిదీ కింది అంతస్తు ఒకరిదీ అయినప్పుడు పైవానికి కింది కట్టడంపై నిలిచి ఉండే హక్కు, కిందివానికి పైకప్పు నీడ పొందే హక్కు ఉంటాయనీ, రెండోవాని అనుమతి లేనిదే హాని కలిగించే మార్పు ఎవరూ చేయరాదనీ హనఫీ ధర్మశాస్త్రాన్ని క్రోడీకరించిన ఉస్మానియా సామ్రాజ్యపు 'మజల్లా' 1192వ అధికరణం చెబుతుంది. అందువల్ల మేడకు హాని లేదని ఇంజనీరు చేత రాయించి, ఆ కాగితం మరదలి చేతికిచ్చాము. ఆమె అడిగినది ఒక్కటే: "జాకీలు ఉన్నన్నాళ్లు పిల్లలు ఎక్కడ పడుకోవాలి?" సిమెంటు గురించీ ఇనుము గురించీ ఆలోచించిన మాకు ఆ సంగతి తట్టనే లేదు. ఆ తొమ్మిది రోజులూ వారు మా పడకగదిలో ఉన్నారు, మేము మద్రసాలో పడుకున్నాము.

దంతెలు అడ్డుగోడపై కలుస్తున్నాయి గనుక జాకీలు ఇరుపక్కలా నిలపవలసి వచ్చింది. కిందినేల కుంగకుండా వాటి పాదాల కింద మందపాటి పలకలు పరిచారు. మిగిలిన గుంజలు తీసి, ఎనిమిది మంది కలిసి దూలాన్ని దిమ్మెల మీదికి ఎక్కించారు. బరువు పడ్డాక ఇంతటి దూలమైనా నడుమ ఆరేడు మిల్లీమీటర్లు వంగుతుందట. పై గచ్చు మళ్లీ చీలకుండా దంతెలకూ దూలానికీ మధ్య ఇనుప రేకులు బిగించి ముందే బరువు ఎక్కించారు. జాకీలను ఒక్కసారిగా తీయక, రోజుకు కొంత చొప్పున వదులు చేశారు. నిప్పు అంటుకుంటే సుమారు 600 డిగ్రీల వేడికి ఉక్కు తన బలంలో సగం కోల్పోతుంది కనుక దూలానికి జాలీ చుట్టి దళసరిగా పూత పూయించాము.

మేస్త్రికి కూలి పూర్తిగా ఇచ్చాము. అతడు చెప్పినది తప్పే; అయినా అడగవలసిన చోట అడగకుండా కోయించినది మేము. మేడ గచ్చు, తలుపు బాగుచేయించిన ఖర్చు కూడా మాదే.

పాత బీటకు అడ్డంగా మూడు చోట్ల ఇంజనీరు పలుచని ప్లాస్టర్ బిళ్లలు అతికించి, వాటిపై తేదీ రాశారు. నేల కదిలితే అవి చిట్లుతాయి. ప్రతి శుక్రవారం జుమా నమాజుకు బయలుదేరే ముందు వాటిని చూసి మాకు చెప్పే పని తమ్ముని చిన్న కొడుకు తీసుకున్నాడు. పోయిన శుక్రవారం మూడూ అలాగే ఉన్నాయన్నాడు.