ద్విపాత్రాభినయం – ‘ప్రతిరూప’ విమర్శ

తెలుగు చలనచిత్రంలో ఒకే నటుడు రెండు పాత్రలు ధరించిన చోటల్లా దోస్తోయెవ్‌స్కీ 1846 నాటి ‘డబుల్’నూ, ఆట్టో రాంక్ మనోవిశ్లేషణనూ ఉటంకించడం విమర్శకు అలవాటయింది. ఈ పోలిక నిలవదు. గొల్యాద్కిన్ ఎదుట వెలసిన రెండవవాడు కార్యాలయంలో అతని స్థానాన్నే ఆక్రమిస్తాడు. చివరికి పిచ్చాసుపత్రి పాలయ్యేది గొల్యాద్కినే. ‘రాముడు భీముడు’ (1964)లో అన్నదమ్ములిద్దరూ వేర్వేరు సంపూర్ణ వ్యక్తులు. ఒకరి స్థానంలోకి మరొకరు రాగానే బావ దౌర్జన్యానికి అడ్డుకట్ట పడుతుంది. అక్కడ చీలింది మనసు కాదు, ఇంటి పెత్తనం.

నిజమైన ద్వైధీభావం కావలసినవారు ‘మాయాబజార్’ (1957) చూడాలి. శశిరేఖ దేహంలో ఉన్నవాడు ఘటోత్కచుడు. సావిత్రి నడకలో, చూపులో రాక్షసదర్పం తొంగిచూస్తుంది. ఒక నటునికి రెండు పాత్రలన్న లెక్క ఇక్కడ తిరగబడి, ఒక పాత్రకు ఇద్దరు నటులవుతారు. (దీన్ని ద్విపాత్రాభినయాల పట్టికలో చేర్చి ఊరుకోవడం వింతే.)

అంతకన్న లోతైనది పదహారవ శతాబ్దపు ‘కళాపూర్ణోదయం’. రంభ రూపంలో కళాభాషిణి, నలకూబరుని రూపంలో మణికంధరుడు కలుసుకుంటారు. తన రూపం ఎరువు తెచ్చుకున్నదని ఎవరికి వారికి తెలుసు. ఎదుటివారిదీ అంతేనని తెలియదు. ఇంతలో అసలు రంభ వచ్చి తగవుకు దిగుతుంది. ప్రతిరూపాన్ని రోగంగా గాక కోరిక ధరించిన వేషంగా సూరన నిలిపిన ఈ ఘట్టానికి రాంక్ సూత్రం ఎలా అన్వయిస్తుందో ఆ విమర్శకులే చెప్పాలి.