మందుల షాపుకు వైశాల్యమే కాదు, అమరికా కావాలి

సంపాదకునికి,

మందుల షాపు సమర్థత ముందరి అద్దాల మెరుపులోనో, అరల్లోని సరుకు విలువలోనో ఉండదు. చీటీలో రాసిన మందే రోగి చేతికి రావాలి. దాని గుణం చెడకూడదు, గడువు దాటకూడదు. ఎలా వాడాలో తెలిసినవారు చెప్పి మరీ ఇవ్వాలి. ఈ నాలుగూ సక్రమంగా జరగడం చాలావరకు గదిలో ఏది ఎక్కడ ఉందన్న దానిమీదే ఆధారపడుతుంది. కోటవురట్ల వంటి మండల కేంద్రాల్లో ఇది మరీ ముఖ్యం. పెద్ద డాక్టరు కోసం నర్సీపట్నమో, అనకాపల్లో, విశాఖో వెళ్లొచ్చిన షుగరు, బీపీ రోగులు ఆ తర్వాత నెలనెలా మందులు కొనేది ఊళ్లోని షాపులోనే. మందు గురించి వారికి నాలుగు మాటలు చెప్పగల చదువుకున్న మనిషి చాలాసార్లు అక్కడి ఫార్మసిస్టే. అందుచేత షాపుకు లైసెన్సు ఇచ్చేటప్పుడు గది వైశాల్యంతో పాటు గది అమరికనూ పరిశీలించాలి.

1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం కింద 1945లో వచ్చిన నియమాల ప్రకారం చిల్లర మందుల షాపుకు కనీసం 10 చదరపు మీటర్ల చోటు ఉండాలి. అంటే పన్నెండు అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల వెడల్పు గల గది. చిల్లరతో పాటు టోకు వ్యాపారం కూడా చేస్తే 15 చదరపు మీటర్లు కావాలి. నమోదైన ఫార్మసిస్టు స్వయంగా చూస్తుండగానే చీటీ మందులు ఇవ్వాలి. అదే నియమాల్లోని షెడ్యూల్ ఎన్, మందులు కలిపి తయారుచేసి ఇచ్చే ఫార్మసీ ఎలా ఉండాలో ఇంకాస్త వివరంగా చెబుతుంది. గది పొడిగా, గాలీ వెలుతురూ ధారాళంగా వచ్చేలా ఉండాలి. నేల కడగడానికి వీలుగా నున్నగా ఉండాలి. మందులిచ్చే విభాగంలో ఒక ఫార్మసిస్టు పనిచేస్తే 6 చదరపు మీటర్లు, అదనంగా చేరే ప్రతి ఒక్కరికీ మరో 2 చదరపు మీటర్లు కేటాయించాలి. నూరి కలిపి ఇచ్చే షాపులు ఇప్పుడు దాదాపు కనుమరుగయ్యాయి. అయినా పనిచేసే మనిషికి చోటు కొలిచి ఇవ్వాలన్న ఆ ఆలోచన పాతబడలేదు. నేటి మామూలు షాపు విషయంలో నియమం గదిని కొలిచి ఊరుకుంటోంది, లోపల ఫార్మసిస్టు నిలబడే చోటును కొలవడం లేదు.

అమరికలో మొదట చూడాల్సింది ఎండా తేమా. ఎక్కువ మాత్రల పెట్టెలపై 30 డిగ్రీలు మించని చోట ఉంచమని, కొన్నింటిపై 25 డిగ్రీలు మించరాదని రాసి ఉంటుంది. కోస్తా వేసవిలో శ్లాబు కింద మూసిన గది ఈ హద్దును తేలిగ్గా దాటుతుంది. వానాకాలంలో ఉక్క, గోడల చెమ్మ తోడవుతాయి. తేమ తగిలిన ఆస్పిరిన్ మాత్ర విడిపోయి వెనిగర్ వాసన కొడుతుంది. క్యాప్సూళ్లు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. కాబట్టి పడమటి ఎండ నేరుగా పడే అద్దాల బీరువాలో మందులు పెట్టకూడదు. అక్కడ సబ్బులు, దువ్వెనలు, పిల్లల డైపర్ల వంటివి పెట్టుకోవచ్చు. ర్యాకులు గోడకు ఆనకుండా, అట్టపెట్టెలు నేలను తాకకుండా ఉండాలి. శ్లాబుకు దగ్గరగా ఉన్న పై అరే అన్నిటికంటే వేడెక్కుతుంది గనుక అందులో దూది, కట్లు, సిరంజీలు సర్దాలి. గోడకు ఒక ఉష్ణమాపకం వేలాడదీస్తే ఫ్యాను చాలుతుందో, ఏసీ అవసరమో అంకెలే చెబుతాయి.

రెండోది ఫ్రిజ్. ఇన్సులిన్, కుక్కకాటు టీకా వంటివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడి ఎంత చేటో, గడ్డకట్టడమూ అంతే చేటు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూపుకు మామూలుగా కనిపించినా వాడకూడదు. అందుకే ఐసు గదికి ఆనించీ పెట్టకూడదు, మాటిమాటికీ తెరిచే తలుపు అరలోనూ పెట్టకూడదు. కూల్‌డ్రింకులు, పాల ప్యాకెట్లు ఉంచే ఫ్రిజ్‌లో మందులకు చోటు ఇవ్వకూడదు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఉష్ణోగ్రత రాసే పుస్తకం ఫ్రిజ్ పక్కనే ఉండాలి. కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో ముందే తేల్చుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు అప్పటి ఉమ్మడి విశాఖ జిల్లాలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. ఇన్వర్టరు, చల్లదనం నిలిపే పెట్టె, కరెంటున్న దగ్గరి ఆసుపత్రితో ముందస్తు ఒప్పందం తుపాను తీరంలోని షాపుకు ఆడంబరాలు కావు.

మూడోది సరుకు నడక. సరుకు వెనక నుంచి వచ్చి ముందు నుంచి పోవాలి. స్టాకిస్టు పంపిన పెట్టెలు విప్పే చిన్న బల్ల వెనక వైపు ఉండాలి. పేరు, బ్యాచ్ నంబరు, గడువు, ధర బిల్లుతో సరిచూశాకే మందులు అరలకెక్కాలి. మాత్రలు, సిరప్‌లు, సూది మందులు, పూత మందులు వేరువేరుగా ఉండాలి. ఒక్కో విభాగంలో అక్షర క్రమం పాటించాలి. అయితే అక్షర క్రమం ఒక ప్రమాదాన్నీ తెస్తుంది. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్, ఇన్‌ఫెక్షన్లకు వాడే మెట్రోనిడజోల్ పక్కపక్కన చేరతాయి. ఇలాంటి జంటలను కావాలనే వేరే అరల్లో పెట్టి, అంచున రంగు కాగితం అంటించాలి. రోజూ ఎక్కువగా కదిలే మందులు ఫార్మసిస్టు చేతికందే ఎత్తులో, అరుదుగా కదిలేవి కిందా పైనా ఉండాలి. గడువు ముందుగా తీరేది ముందు వరసలో ఉండాలి. గడువు దాటినవి తిరిగి పంపేదాకా అమ్మకానికి కాదని రాసి తాళం వేసిన పెట్టెలో ఉండాలి.

ఇదంతా రోగి మేలుకే కాదు, షాపు లెక్కకూ అవసరమే. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు కింద గరిష్ఠ ధర కట్టేటప్పుడు చిల్లర వర్తకుడికి లెక్కవేసే లాభం 16 శాతం. ఆ లెక్కన ఒక పెట్టె గడువు దాటి, తిరిగి తీసుకునేవారు లేకపోతే ఆరు పెట్టెలు అమ్మిన లాభం పోయినట్టే. సరుకు ఎంత తెప్పించాలో ఊహకు వదలకూడదు. ఒక మందు రోజుకు 4 స్ట్రిప్పులు పోతూ, కబురు పెట్టిన 3 రోజులకు సరుకు వస్తుందనుకుంటే, 12కు తోడు మరో 8 చేతిలో ఉండగానే, అంటే నిల్వ 20కి దిగగానే కబురు పెట్టాలి. ప్రాణం నిలిపే మందులకు ఈ అదనం ఇంకా పెంచాలి, అరుదుగా పోయే టానిక్కులకు తగ్గించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఎక్కువ మందులపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గినట్టు ధరలు ఒక్కసారిగా మారే రోజున కంప్యూటరు బిల్లు ఉన్న షాపే తడబడకుండా నిలుస్తుంది. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 మందులకు డాక్టరు, రోగి వివరాలతో విడిగా రాసి మూడేళ్లు దాచాల్సిన పుస్తకం కూడా బిల్లు బల్ల దగ్గరే ఉండాలి.

అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది మందు చేతికిచ్చే చోటు. చాలా షాపుల్లో చీటీ చూపడం, డబ్బు కట్టడం, సంచి అందుకోవడం అన్నీ వీధికి ఆనుకున్న ఒకే బల్ల మీద జరుగుతాయి. వెనక పదిమంది తోసుకొస్తుంటే ఏ మాత్ర తిండికి ముందో, ఏది తర్వాతో అడిగే ధైర్యం ముసలివారికి ఉండదు. ఆడవాళ్లు తమ బాధ నలుగురిలో చెప్పుకోలేరు. బిల్లు ఒక కొసన, మందు అప్పగింత మరో కొసన పెట్టి, మధ్య చిన్న అడ్డుపలక, ఒక స్టూలు వేస్తే ఈ ఇబ్బంది తీరుతుంది. దానికి మూడడుగుల చోటు చాలు. చదవడం రానివారికి కవరు మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీసి పూట చెప్పవచ్చు. కూలి డబ్బులతో రెండు మాత్రలే కొనేవారికి స్ట్రిప్పు కత్తిరించి ఇవ్వక తప్పదు. అప్పుడు గడువు, బ్యాచ్ ముద్ర ఉన్న కొసను చివరిదాకా షాపులోనే ఉంచి, ఆ వివరాలు, మందు పేరు కవరు మీద రాయాలి. కత్తెర, కవర్లు, కలం ఆ బల్ల మీదే ఉంటే ఈ పని నిమిషంలో అయిపోతుంది, లేకపోతే ఎప్పటికీ జరగదు.

చిన్న ఊళ్లో ఇన్ని హంగులు గిట్టుబాటు కావని కొందరు వర్తకులు అంటారు. ఖర్చయ్యేవి ఫ్రిజ్, ఇన్వర్టరు, కంప్యూటరు మాత్రమే. అరల వరస, రంగు కాగితాలు, అడ్డుపలక, ఉష్ణమాపకం, రెండు పుస్తకాలు కలిపినా పెద్ద మొత్తం కాదు. గది ఇరుకన్న మాటా నిలవదు. చోటు తక్కువైన కొద్దీ అమరిక అవసరం ఎక్కువవుతుంది. జనం ఆగరన్న వాదనలో కొంత నిజముంది. కానీ మందు వెతకడంలో మిగిలే సమయమే చెప్పడానికి దొరికే సమయం.

షాపుల్లో ఈ అమరిక తేవడానికి కొత్త చట్టం అక్కర్లేదు. లైసెన్సు దరఖాస్తుతో ఇచ్చే గది నక్షాలో కొలతలతో పాటు ఫ్రిజ్, గడువు దాటిన మందుల పెట్టె, సరుకు సరిచూసే బల్ల, ఫార్మసిస్టు మాట్లాడే చోటు గుర్తించాలని ఔషధ నియంత్రణ శాఖ అడగాలి. 2017 సవరణ తర్వాత లైసెన్సును అయిదేళ్లకోసారి రుసుము కట్టి నిలుపుకుంటున్నారు. పాత షాపుల అమరికను చూడటానికి ఆ సందర్భం సరిపోతుంది. 10 చదరపు మీటర్ల గదికి తగిన రెండు మూడు నమూనా నక్షాలు తెలుగులో అచ్చువేసి, మందుల వర్తకుల సంఘాల ద్వారా మండలాలకు పంపితే చిన్న వర్తకుడికి ఇంజినీరు ఖర్చు కూడా తప్పుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కోటవురట్ల, అనకాపల్లి జిల్లా