మీటరు ఎవరిది, లెక్క ఎవరిది?

ఫలితాలు వచ్చినంక జూన్, జూలై నెలల్లో సాగర్ రోడ్డు మీద వచ్చే బస్సులు చూడండి. దేవరకొండ దిక్కు నుంచి, మల్లేపల్లి దిక్కు నుంచి మన వాడల పిల్లలు దిగుతరు. ఒక చేతిలో బియ్యం సంచి, ఇంకో చేతిలో బకెట్, చంకలో చాప. ఐ.ఎస్. సదన్ కాడ దిగి సైదాబాద్ గల్లీల్లో టు-లెట్ బోర్డులు చదువుకుంటూ నడుస్తరు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లు దగ్గర, అందుకే ఇక్కడ. హాస్టల్ల సీటు దొరకనోళ్లు, డిగ్రీ అయిపోయి హాస్టల్ ఖాళీ చేసినోళ్లు, షాపుల్లో పనికి కుదిరినోళ్లు. పుట్టిన కాడి నుంచి పదిమంది నడుమ బతికిన పిల్లగాడు మొదటిసారి ఒక్కడే తలుపేసుకొని పండుకుంటడు. మొదటి నెల గడుస్తది. మూడో నెల ఇంటికి ఫోన్ వస్తది: "అమ్మా, పైసలు అయిపోయినయ్."

ఊళ్లో ఏమంటరు? పట్నం పోయి పాడైండు, సినిమాలు మరిగిండు అంటరు. మేం ఒకటే అడుగుతున్నం. ముందు వాని గది కరెంటు చీటీ చూసిండ్రా?

గది అడగబోయినప్పుడు ఇంటాయన అడిగే మొదటి మాట మనందరికీ తెలుసు. "ఏ ఊరు? ఇంటి పేరేంది? మీరేవోళ్లు?" నేరుగా అడగనోడు "నీచు తింటరా?" అని అడుగుతడు. ఆ మాట దాటి తాళంచెవి చేతికొచ్చిందంటే పిల్లగానికి అదే పది వేలు. ఇగ మీటరు వేరేనా, నీళ్లకెంత, అడ్వాన్సు ఎప్పుడు తిరిగిస్తరు అని ఎట్ల అడుగుతడు? ఎక్కువ మాట్లాడితే మొదటి ప్రశ్న మళ్లీ వస్తదని భయం. అందుకే చెప్పింది చెప్పినట్టు కడతడు. ఇంటి అద్దె మీద కులం అద్దె అదనం. ఇది ఏ రసీదులోనూ కనపడదు.

ఇది ఇయ్యాల్టి సంగతి కాదు. 1917లో బరోడాలో కొలువుకు పోయిన బాబాసాహెబ్‌కు ఉండడానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు రాయించి, రోజుకు రూపాయిన్నర కట్టి, పైఅంతస్తులో ఒంటరిగా ఉన్నడు. పదకొండో రోజు కర్రలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టిండ్రు. కొలంబియాలో చదివొచ్చినాయన సంగతే అది. దేవరకొండ పిల్లగాడు మీటరు గురించి నోరు తెరవలేదంటే మనం వానికి తెలివి లేదనొద్దు.

ఇప్పుడు లెక్కలోకి పోదాం. కొంచెం ఓపిక పట్టండి, ఇందులోనే మతలబు ఉంది.

2022 ఏప్రిల్ నుంచి వచ్చిన రేట్ల ప్రకారం తెలంగాణలో ఇంటి కరెంటు 100 యూనిట్ల లోపు కాలిస్తే మొదటి 50 యూనిట్లకు యూనిట్ 1 రూపాయి 95 పైసలు, తర్వాతి 50కి 3 రూపాయల 10 పైసలు. 200 దాటిందో, మొదటి యూనిట్ నుంచే 5 రూపాయల 10 పైసలు, 200 మీద 7 రూపాయల 70 పైసలు. ఫిక్స్‌డ్ చార్జీ, సుంకం వగైరా వేరే. ఇప్పుడు ఒక మేడ మీద నాలుగు గదులు, అన్నిటికీ కలిపి ఒకటే మీటరు అనుకోండి. గదికి 60 యూనిట్లు కాల్చిండ్రు. ఎవరి మీటరు వానికి ఉంటే ఒక్కొక్కనికి 128 రూపాయల 50 పైసలు. ఒకటే మీటరు గనుక మొత్తం 240 యూనిట్లు, బిల్లు 1,328. తలా 332 పడ్డది. ఇంటాయన ఇట్ల పంచడు. "యూనిట్‌కు పది రూపాయలు" అంటడు. గదికి 600, నాలుగు గదులకు 2,400. శాఖకు కట్టేది 1,328. మిగిలిన వెయ్యి ఎటు పోయింది? పిల్లగాడు సినిమా చూడలేదు, అన్నం వండుకున్నడు, అంతే.

వండుకునుడు అంటే గుర్తొచ్చింది. గ్యాస్ కనెక్షన్ లేక చానామంది కరెంటు పొయ్యి కొంటరు. దాని మీద 2,000 వాట్లు అని రాసి ఉంటది. వాట్లను గంటలతో గుణించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు. నిండు మంట మీద రోజుకు గంట నడిస్తే 2 యూనిట్లు, నెలకు 60. పది రూపాయల గదిలో అది 600 రూపాయలు. 75 వాట్ల ఫ్యాన్ రాత్రంతా పది గంటలు తిరిగినా నెలకు 22, 23 యూనిట్లే. ఉక్కపోతల ఫ్యాన్ బంద్ చేసి పైసలు మిగిల్చిన అనుకునే తమ్ముళ్లున్నరు, పొయ్యి సంగతి చూసుకోరు. 5 కిలోల చిన్న సిలిండర్ అడ్రస్ పత్రం లేకుండా గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తరు. దాని ధర అడిగి, రెండూ పోల్చి కొనాలె.

ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది గదా అంటరు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తున్నది, నిజమే. కిరాయికి ఉన్నోళ్లకు కూడా వర్తిస్తది. కానీ ఒక రేషన్ కార్డుకు ఒకటే కనెక్షన్. కార్డు అమ్మానాయనల పేరు మీద ఊళ్లో ఉంది, జీరో బిల్లు కూడా ఊళ్లోనే ఆగిపోయింది. సైదాబాద్‌లో చీకట్ల చదువుకునే పిల్లగానికి కార్డు లేదు, మీటరు లేదు. నీళ్లదీ అంతే. పట్నంలో ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితమని 2021 జనవరిలో మొదలుపెట్టిండ్రు. ఆ ఉచితం ఇంటాయన ఖాతాకు పోతది, కిరాయిదారు చీటీలో "నీళ్లు" అనే గీత అట్లనే ఉంటది. పథకాలన్నీ కుటుంబాన్ని చూసి రాస్తరు. కుటుంబాన్ని విడిచి చదువుకు, కూలికి వచ్చినోడు ఏ కాలంలోనూ కనపడడు. ఈ ముచ్చట మన సంఘాలు దరఖాస్తుల్లో రాయవలసింది, ఇంతవరకు రాయలేదు. మన తప్పే.

తిండి. 2024 నవంబర్‌లో హాస్టల్ మెస్ చార్జీలు పెంచినప్పుడు ఇంటర్ నుంచి పీజీ దాకా ఒక విద్యార్థికి నెలకు 1,500 ఉన్నది 2,100 చేసిండ్రు. రోజుకు 70. వందల మందికి ఒక్కసారే వండితే అయ్యే లెక్క అది. ఒక్కనికి ఒక్క గిన్నెలో వండుకుంటే ఆ రేటు పడదు. ఒంటిగాళ్ల వంట ఎప్పుడూ పిరం. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక పొయ్యి పెట్టుకుంటే సగం బాధ తీరుతది. బియ్యం ఇంటి నుంచి తెచ్చుకోవాలె. 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం వస్తున్నది, మనిషికి 6 కిలోలు. ఊళ్లో ఆ పిల్లగాని వాటా ఉంది గదా, అది వానికి పంపండి. కూరగాయలు గల్లీ దుకాణంలో కాకుండా మాదన్నపేట మార్కెట్‌లోనో సరూర్‌నగర్ రైతుబజార్‌లోనో వారానికొకసారి తెచ్చుకోవాలె. పొద్దున వండలేని నాడు 5 రూపాయల క్యాంటీన్ ఉంది, 2014 నుంచి నడుస్తున్నది. అక్కడ లైన్లో నిలబడ్డానికి సిగ్గెందుకు?

ఆడపిల్లలకు బస్సు 2023 డిసెంబర్ 9 నుంచి ఉచితం. కానీ వాళ్లకు గది దొరకడమే కష్టం, భద్రత పేరు చెప్పి కిరాయి ఎక్కువ గుంజుతరు. బస్సులో మిగిలింది అక్కడ పోతది. మగపిల్లలు మెట్రో మోజు తగ్గించుకోవాలె. 2025 మేలో రేట్లు పెంచినంక కనీసం 11, గరిష్ఠం 69 రూపాయలు.

అన్నిటికంటే ప్రమాదం ఇరవయ్యో తారీఖు. ఆ నాడు చేతిలో ఏం లేకపోతే ఫోన్‌లో అప్పు యాప్ కనపడతది. 2020 డిసెంబర్‌లో ఆ యాప్‌ల వేధింపులకు మనుషులు ప్రాణాలు తీసుకున్నంక హైదరాబాద్ పోలీసులు వాటి కాల్ సెంటర్ల మీద దాడులు చేసిండ్రు. మన తాతలకు నాగువడ్డి తెలుసు. పుట్టెడు గింజలు తెస్తే పంటకు పుట్టిన్నర కొలవాలె. ఆ లెక్క దొర చోపుడిలో ఉండేది, మనది వేలిముద్ర. తాత ఎంత తిన్నడో, ఎంత కట్టిండో తాతకే తెల్వదు. చదువుకున్న మనవడు ఇంటాయన రాసిచ్చిన చీటీని మడిచి జేబులో పెట్టుకుంటే మరి తేడా ఏముంది?

తల్లిదండ్రులకు ఒక మాట. నెలకు ఎంత పంపగలరో ముందే నిజం చెప్పండి. మూడు వేలే అయితే మూడు వేలనండి. "చూద్దాంలే బిడ్డా" అంటే వాడు ఐదు వేల గది తీసుకుంటడు. నెలకోసారి నోటుబుక్ అడగండి, తిట్టడానికి కాదు, కలిసి చూడడానికి.

కార్యకర్తలకు ఇంకో మాట. మీటింగులకు పిల్లల్ని పిలుస్తున్నం, వాళ్లు గది వెతుక్కునే నాడు మాత్రం వెంట పోతలేం. ఒక్కడు అడగలేనిది నలుగురు నిలబడి అడగొచ్చు. మీటరు వేరేనా, లేకపోతే ఎట్ల పంచుతరు, శాఖ బిల్లు చూపిస్తరా, నీళ్లకు, చెత్తకు ఎంత, అడ్వాన్సు వాపసు ఎప్పుడు? జవాబులు ఒక కాగితం మీద రాయించుకొని ఇద్దరి సంతకాలు పెట్టించండి. దిగిన నాడే మీటరులో ఏ అంకె ఉందో ఫోన్‌లో ఫొటో తీయించండి. అది తీయనోనికి పాత కిరాయిదారు కాల్చిన కరెంటు కూడా మీద పడుతది. ఇంటాయన మొహం చిట్లిస్తే చిట్లించనీ. ఆ గది పోతే ఇంకో గల్లీ ఉంది, చంపాపేట దాకా నడుద్దాం.