నూనె యాంటీబయాటిక్‌కు తోడే, బదులు కాదు

"వాము నూనె వాడుతున్నాం కదా, ఇక యాంటీబయాటిక్ మాత్రలు ఆపేయవచ్చా?" యునానీ అనగానే చాలామంది అడిగే ప్రశ్న ఇది. ఆపకూడదు. యునానీ పేరు చెప్పి ఆపమనేవారుంటే వారి మాట వినకండి. అయితే ఈ ప్రశ్న వెనుక ఉన్న ఆశ మాత్రం వట్టిది కాదు.

చిక్‌పేట చుట్టుపక్కల గ్రంథిగె అంగళ్ళలో దొరికే వాము పువ్వు అంటే థైమాల్ అనే పదార్థమే. లవంగ నూనెలో అధిక భాగం యూజినాల్. 1920లో హైదరాబాదులో పుట్టిన జిందా తిలిస్మాత్‌లోనూ నీలగిరి తైలం, కర్పూరంతో పాటు వాము పువ్వు ఉంటుంది. థైమాల్, యూజినాల్ రెండూ సూక్ష్మజీవి చుట్టూ ఉండే పొరను వదులు చేస్తాయి. కొన్ని బ్యాక్టీరియాలకు బయట ఇంకో పొర ఉండి మందును లోపలికి రానివ్వదు. కొన్ని లోపలికి వచ్చిన మందును పంపుతో తోడినట్టు బయటికి తోడేస్తాయి. నూనె ఆ పొరను బలహీనపరిస్తే మందు సులువుగా దిగుతుంది. అందుకే పరిశోధనశాలల్లో ఈ నూనెలు కలిపినప్పుడు కొన్ని యాంటీబయాటిక్‌లు మామూలు కన్నా తక్కువ మోతాదులోనే పనిచేశాయి.

హకీములకు ఈ ఆలోచన కొత్త కాదు. ప్రధాన ఔషధాన్ని చేరవలసిన చోటికి చేర్చే తోడు మందును యునానీలో బద్రఖా అంటారు. వెంట ఉండి దారి చూపేవాడని అర్థం. నేను ఈ నూనెలను ఆ స్థానంలోనే చూస్తాను. ప్రధాన ఔషధమే లేకపోతే బద్రఖాకు పనేముంది?

ఇక అసలు చిక్కు. గాజు పళ్ళెంలో సూక్ష్మజీవుల మీద పోసినంత నూనెను మనిషి రక్తంలోకి పంపలేం. యూజినాల్‌కు అంతర్జాతీయ ఆహార నిపుణుల సంఘం పెట్టిన రోజువారీ హద్దు కిలో బరువుకు 2.5 మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకు 25 మిల్లీగ్రాములన్నమాట. లవంగ నూనె ఒక్క చుక్కతోనే అది దాటిపోతుంది. ఆ నూనె మింగిన పసిపిల్లలకు కాలేయం దెబ్బతిన్న సంఘటనలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. కర్పూరం మింగితే ఫిట్స్ రావచ్చు. కషాయంలో రెండు లవంగాలు వేయడం వేరు, చెంచాతో నూనె తాగించడం వేరు. పిల్లలున్న ఇళ్ళలోని పెద్దలు ఈ పేరా మరోసారి చదవండి.

సీసాల మీద "యాంటీఆక్సిడెంట్" అని పెద్ద అక్షరాలతో అచ్చువేస్తున్నారు. ఆ గుణం ఉన్నమాట నిజమే. యూజినాల్ ఉంటే కొవ్వులు త్వరగా కనరు వాసన పట్టవు. కాని మన తెల్ల రక్తకణాలు క్రిములను చంపేందుకు వాడే ఆయుధాల్లో ఆక్సీకరణ కూడా ఒకటి. కాబట్టి ఎంత ఎక్కువైతే అంత మేలంటే నేను ఒప్పుకోను. పైగా కొన్ని జోడీల్లో నూనె యాంటీబయాటిక్ బలాన్ని తగ్గించినట్టు కూడా పరీక్షల్లో కనిపించింది. ఏ మందుకు ఏ నూనె జోడీయో ఇంట్లో కూర్చుని తేల్చలేం.

తేల్చగలవారు మన ఊళ్ళోనే ఉన్నారు. మాగడి రోడ్డు, కొట్టిగెపాళ్యలోని జాతీయ యునానీ వైద్య సంస్థలో 2004 నుంచి పీజీ చదువులు సాగుతున్నాయి. నగరంలో పెద్ద అల్లోపతి ఆసుపత్రులకూ కొదవ లేదు. ఇరువురూ కలిసి చర్మం మీది పుండ్లు, చిగుళ్ళ జబ్బులతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. అక్కడ నూనె నేరుగా తగులుతుంది, మింగించే అవసరం ఉండదు. దంతవైద్యులు యూజినాల్‌ను జింక్ ఆక్సైడ్‌తో కలిపి ఏనాటి నుంచో వాడుతున్నారు కూడా. ఫలితం మనకు అనుకూలంగా రాకపోయినా దాచకుండా ప్రకటించాలి. మొండి క్రిములను ఎదుర్కొనేందుకు కేంద్ర ప్రభుత్వం 2017లోనే జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. అందులో యునానీకి చోటు కావాలంటే మాటలు చాలవు, లెక్కలు చూపాలి.

అంతవరకు మీరు చేయవలసినది కొంచెమే. మాత్రల అట్ట మీద నిలువు ఎర్రగీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా కొనకండి. ఆ గీతను గుర్తుపట్టమని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే ప్రచారం మొదలుపెట్టింది. ఏదైనా నూనె వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, మాత్రలు వాడుతుంటే హకీముకు చెప్పండి. వీలైతే సీసా, అట్ట రెండూ వెంట తీసుకువెళ్ళండి.